తక్కెడ గుర్తు

కంచరపాలెం రైలు పట్టాల వెనక, నారాయణమ్మ గోడ కింద శవం పడి ఉంది.

పేరు వరహాలు. గోడల మీద రాతలు రాసే పెయింటర్. పక్కన పడిపోయిన నిచ్చెన. ఒలికిపోయిన ఎర్ర రంగు డబ్బా. రంగేదో, నెత్తురేదో దగ్గరికి వెళ్తే గాని తెలియడం లేదు.

1981. విశాఖపట్నంలో కార్పొరేషన్ ఎన్నికలు. వార్డులో ప్రతి గోడకీ ఒక అభ్యర్థి. ప్రతి ఇంట్లో ఒక అనుమానం.

ఎస్సై జ్ఞానశేఖర్ వంగి చూశాడు. తల వెనక దెబ్బ. గోడ వారన పేర్చిన పాత రైలు స్లీపర్ల అంచుకి నెత్తురు అంటి ఉంది.

"కాలు జారి పడ్డాడు సార్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

జ్ఞానశేఖర్ గుంపుకేసి చూశాడు. అక్కడెవరూ అలా అనుకోవడం లేదు.

గోడ మీద రాత పూర్తయింది. 'మన నర్సమ్మ పుష్పకుమారికే మన ఓటు.' చివర్న ఎర్రటి తక్కెడ బొమ్మ. ఇండిపెండెంటుగా నిలబడ్డ ఆస్పత్రి నర్సు పుష్పకుమారి గుర్తు అదే. ఈపాటికి వార్డంతటికీ తెలుసు.

వరహాలు భార్య జోగమ్మ కళ్ళు తుడుచుకుని చెప్పింది. "రేత్రి రాపోతే ఏ గోడ కాడో పడుకున్నాడనుకున్నాను బాబూ. ఎలచ్చన్లొస్తే అంతే గదా."

"ఎవరితోనైనా గొడవుందా?"

"గొడవ లేదు. మూడ్రోజుల్నించి అన్నం ముట్టలేదు. ఆ పాడు పోస్టర్లు నానే రాసినాను, నా సేతులు నరుక్కోవాల అన్నాడు."

జ్ఞానశేఖర్ ఉలిక్కిపడ్డాడు. ఆ పోస్టర్లు వేసినవాడి కోసమే వారం నుంచి వెతుకుతున్నాడు. 'సూది పేరు చెప్పి మతం మారుస్తుంది, నర్సమ్మతో జాగ్రత్త.' ఎన్నికల పోస్టరు మీద వేసినవాడి పేరూ అడ్రసూ ఉండి తీరాలి. వీటి మీద లేవు. తెల్లారేసరికి గోడలకి అంటుకుని ఉన్నాయి.

"ఎవరు రాయమన్నారు?"

"పేరు సెప్పలేదు. నర్సమ్మ కాళ్ళ మీద పడి అంతా సెప్పేత్తానన్నాడు. సెప్పకుండానే పోయాడు."

వార్డంతా ఒక్క మనిషి వైపే వేలు చూపించింది. సన్యాసిరాజు. పుష్పకుమారికి ప్రత్యర్థి. నారాయణమ్మ గోడ తనకే కావాలని అడిగి, ఆవిడ ఇవ్వనందుకు, "ఆ గోడెక్కినోడి నిచ్చెన లాగేత్తాను" అని నలుగురిలో అన్నాడు.

ఫిషింగ్ హార్బర్‌లో అతనికి ఐస్ ప్లాంట్ ఉంది. జ్ఞానశేఖర్ వెళ్ళేసరికి చేపల పాట ముగిసి, బుట్టలు కడుగుతున్నారు.

"అన్నాను ఎస్సై గారూ. నలుగురిలో అన్న పని సేసీసేంత తెలివితక్కువోడిలా కనపడతన్నానా?"

"నిన్న సాయంత్రం ఎక్కడున్నారు?"

"మునిసిపల్ ఆఫీసులో. గుర్తులిచ్చే కాడ. ఆ తరవాత ఇక్కడే."

"ఎవరు చూశారు?"

"నా మనుషులు."

"మీ మనుషులు మీరేది చూడమంటే అదే చూస్తారు."

సన్యాసిరాజు నవ్వలేదు. "మరి నన్నేటి సెయ్యమంటారు?"

జ్ఞానశేఖర్ అతని కళ్ళలోకి చూశాడు. ఇతను అబద్ధమాడుతున్నాడా? అయితే ఇంత నింపాదిగానా?

మధ్యాహ్నానికి డాక్టరు రిపోర్టు చెప్పాడు. ప్రాణం పోయింది నిన్న పొద్దుగూకాక. దెబ్బ తగలగానే పోలేదు. కొంతసేపు బతికే ఉన్నాడు.

నారాయణమ్మ వాకిట్లోనే కూర్చుని ఉంది. గోడ మీద రాసుకోమని సంతకం చేసి ఇచ్చింది ఆవిడే. జరిగినదాంట్లో తప్పు తనదేనన్నట్టు మాట్లాడింది.

"దీపం ఎట్టడానికి లోపలికెళ్ళీసరికి పేరంతా రాసీసాడు బాబూ. సివర కూసింత జాగా ఒదిలీసి కూకున్నాడు. ఏటిరా అంటే, గుర్తు ఇంకా తేల్లేదమ్మా అన్నాడు."

"తర్వాత?"

"తరవాత తలుపేసీసుకున్నాను. గూడ్సు బండి పోతంటే ఏటి ఇనపడుతాది?"

పుష్పకుమారికి ఎలక్షన్ ఏజెంటు ఆవిడ మరిది దేవకుమార్. అన్న పోయిన దగ్గర్నుంచి ఆ ఇంటికి పెద్దదిక్కు అతనే. తెల్ల చొక్కా, ఎర్రబారిన కళ్ళు.

"వరహాలుని ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"నిన్న పొద్దున్న సార్. ఏ గోడ మీద ఏం రాయాలో చెప్పాను. మళ్ళీ చూడలేదు."

"సాయంత్రం?"

"ఆఫీసులో పని కాగానే ఎలమంచిలి బస్సెక్కాను. అక్కడ ప్రెస్సులో కరపత్రాలకి ఆర్డరిచ్చాను. సార్, సన్యాసిరాజుని ఎందుకు వదిలేస్తున్నారు?"

జ్ఞానశేఖర్ అక్కణ్ణుంచి మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళాడు. వెళ్ళింది పోస్టర్ల సంగతి అడగడానికి. ఎన్నికల అధికారి పోస్టర్ల గురించి చెప్పి, మాటల్లో ఇంకొకటి చెప్పాడు. అది విని జ్ఞానశేఖర్ కుర్చీలోంచి లేచిపోయాడు.

చీకటి పడకముందే ముగ్గుర్నీ స్టేషన్‌కి పిలిపించాడు. సన్యాసిరాజు నిలబడే ఉన్నాడు. పుష్పకుమారి డ్యూటీ నుంచి తెల్లచీరతోనే వచ్చింది. దేవకుమార్ ఆవిడ పక్కన కూర్చున్నాడు.

"అందరం నేలకేసి చూశాం," అన్నాడు జ్ఞానశేఖర్. "నిచ్చెన, రంగు, నెత్తురు. గోడ మీద తక్కెడ ఉంది. అది మీ గుర్తే కాబట్టి ఎవరికీ వింతగా అనిపించలేదు. అమ్మా, మీరు అడిగింది ఏ గుర్తు?"

"గొడుగు," అంది పుష్పకుమారి. "ఇంకొకరూ అదే అడిగారు. చీటీ వేస్తే వాళ్ళకి పోయింది. నాకు తక్కెడ ఇచ్చారు."

"ఎవరికే గుర్తు వచ్చిందో ఆఫీసు బోర్డు మీద పెట్టింది ఈరోజు పొద్దున్న. మరి నిన్న పొద్దుగూకాక చనిపోయిన మనిషికి ఆ గుర్తు ఎలా తెలిసింది?"

జ్ఞానశేఖర్ ముగ్గురి మొహాలకేసీ వరసగా చూశాడు.

"ఎవరో వచ్చి చెప్పారు. నిన్న సాయంత్రం గుర్తులిచ్చిన గదిలో ఉన్నవాళ్ళే చెప్పాలి. సన్యాసిరాజు గారు చెప్పారా? శత్రువు చెప్పిన గుర్తు ఏ పెయింటరూ ఆయిల్ రంగుతో గోడకెక్కించడు. దారినపోయేవాడి మాటా నమ్మడు. మీరు చెప్పారా అమ్మా?"

"నేను ఆఫీసు నుంచి నేరుగా చర్చికి వెళ్ళాను. ప్రార్థన కూటం ఉంది. అందరూ చూశారు."

"ఇక మిగిలింది ఒక్కరే. ఎలమంచిలి బస్సెక్కింది ఆ గోడ దగ్గరికి వెళ్ళొచ్చాకే."

పుష్పకుమారి మెల్లగా పక్కకి తిరిగింది. దేవకుమార్ తల వంచుకున్నాడు.

"దేవా?"

అతని గొంతు మారిపోయింది. ఇన్నాళ్ళూ దాచుకున్న పేట మాట బయటికొచ్చింది.

"ఆ పోస్టర్లు నానే రాయించాను వదినా. నిన్ను తిడితే మనవాళ్ళంతా ఒక్కటవుతారనుకున్నాను. అయ్యారు గూడా. నువ్వు గెలుస్తావు. గుర్తు సెప్పడానికెళ్తే, బొమ్మేసి, ఇదే ఆఖరు, నర్సమ్మకి అంతా సెప్పేత్తానన్నాడు. దిగరా అని నిచ్చెన పట్టుకుని ఊపాను. అంతే. సంపాలని కాదు."

పుష్పకుమారి ఏడవలేదు. ఆస్పత్రి వార్డులో రోగిని అడిగినట్టు అడిగింది.

"పడ్డాక ప్రాణం ఉందా?"

"ఉంది."

"ఏమన్నా అన్నాడా?"

"నీళ్ళడిగాడు."

"చర్చి రెండు వీధుల అవతలే ఉంది. అందులో నేనున్నాను. నన్నెందుకు పిలవలేదు దేవా?"

జ్ఞానశేఖర్ హెడ్ కానిస్టేబుల్‌కి సైగ చేశాడు.

నామినేషన్ వెనక్కి తీసుకునే గడువు దాటిపోయింది. బ్యాలెట్ మీద పుష్పకుమారి పేరు ఉండిపోయింది. మర్నాడు ఆవిడ రిక్షాలో మైకు పట్టుకుని కూర్చుని ప్రతి వీధీ తిరిగింది. ఓటు అడగలేదు. "ఆ పోస్టర్లు మా ఇంటివాళ్ళు వేసినవే. సన్యాసిరాజు గారికి సంబంధం లేదు," అని చెప్పింది. చెప్పిన చోటల్లా వీధి గప్‌చుప్ అయిపోయింది. ప్రార్థన కూటంలో ఆవిడ పక్కన కూర్చునేవాళ్ళు కొందరు జరిగి కూర్చున్నారు.

ఆవిడ ఓడిపోతుందని అందరికీ తెలుసు. ఓడిపోయింది కూడా.

పోలింగు రోజు జ్ఞానశేఖర్ బడి గేటు దగ్గర బందోబస్తులో ఉన్నాడు. జోగమ్మ ఓటు వేసి బయటికొచ్చింది. వేలి మీద సిరా ఇంకా ఆరలేదు. ఎవరికి వేశావని పోలీసు అడగకూడదు. అతను అడగలేదు.

ఆవిడే ఆగింది.

"నర్సమ్మకే ఏసినాను బాబూ," అంది. కొంగు సర్దుకుని, ఎండలో పట్టాల వైపు నడిచి వెళ్ళిపోయింది.