ఫానెల్ వేళ్ళు

మా ఊరి హాల్లో పొయ్యి వెలిగిస్తే పొగ, ఆర్పేస్తే చలి. నవంబరులో దాన్యూబ్ నది మీంచి మంచు లేచి ఊళ్ళోకి వచ్చిందంటే మధ్యాహ్నమే దీపాలు వేసుకోవాలి. ఆ శనివారం కూడా అలాగే ఉంది. నేను కోటు విప్పకుండానే స్టేజి మీద కూర్చుని నా కీబోర్డు సర్దుకుంటున్నాను. మర్నాడు ఊరి పండగ. ఆ పండగలో మా ఫానెల్‌కి ఆట ఇవ్వాలి.

ఆట ఇవ్వడమంటే పోయినవాళ్ళ పేరు చెప్పి ఒక హోరా వాయించడం. అందరూ చేతులు పట్టుకుని గుండ్రంగా తిరిగే మామూలు ఆటే, కాకపోతే అది వాళ్ళకి దానం. ఇంటివాళ్ళు కొవ్వొత్తి, ఫోటో పట్టుకుని ముందు నడుస్తారు. "ఈ ఆట ఫలానావాళ్ళకి" అని నోటితో అనాలి. వాయిద్యం ఆగేదాకా ఎవరూ చెయ్యి వదలకూడదు. అది అందేవరకూ పోయినవాళ్ళకి కాలు నిలవదని, ఇంటి చుట్టూనే తిరుగుతుంటారని మావాళ్ళ నమ్మకం. నేను పెద్దగా నమ్మేవాణ్ణి కాదు. అయినా వాయించేవాణ్ణి.

ఫానెల్ మా పెద్దమ్మ స్తాంకా కొడుకు, నాకు తమ్ముడు. పెళ్ళిళ్ళలో మా ముగ్గురిదీ ఒకటే జట్టు. వాడు అకార్డియన్, నేను కీబోర్డు, వాడి భార్య వోయికా పాట. వాడి అకార్డియన్‌లోంచి ఒక వైరు నా కీబోర్డుకి వచ్చేది. మిడి వైరు. అందులో శబ్దం వెళ్ళదు. ఏ మీట నొక్కాడు, ఎంత గట్టిగా నొక్కాడు, ఎప్పుడు వదిలాడు అన్న కబురు మాత్రమే వెళ్తుంది. ఆ కబురందుకుని కీబోర్డు తన శబ్దం తాను చేస్తుంది. కుడిచేతి రాగం ఒకటో ఛానెల్లో, ఎడమచేతి బేసు రెండో ఛానెల్లో. ఏ వాయిద్యంలా పలకాలన్నది ప్రోగ్రాం నంబరును బట్టి ఉంటుంది. ఆ నంబరు కూడా అటునుంచే మార్చొచ్చని వాడికి తెలిసిన దగ్గర్నుంచి నాకు మనశ్శాంతి లేకుండా పోయింది. పెళ్ళికూతురు తల్లిని పట్టుకుని ఏడుస్తున్న చోట నేను మెత్తగా వయొలిన్లు వాయిస్తుంటే, వాడు అక్కణ్ణుంచి చల్లగా నంబరు మార్చేవాడు. నా వయొలిన్లు బాకాలైపోయేవి. పెళ్ళివాళ్ళు నన్ను మింగేసేలా చూసేవాళ్ళు. వాడు మాత్రం ఏమీ ఎరగనట్టు పైకప్పు కేసి చూస్తూ వాయించేవాడు. వెధవ.

ఆగస్టులో ఒక పెళ్ళి నుంచి తిరిగొస్తుంటే వాడి వ్యాన్ బోల్తా పడింది. అకార్డియన్‌కి చిన్న గీత కూడా పడలేదు. దాన్ని వాడితోపాటే శవపేటికలో పెట్టించింది పెద్దమ్మ. వద్దని ఎంత చెప్పినా వినలేదు.

తలుపు కిర్రుమంది. పెద్దమ్మ, వెనకాల వోయికా. ఇద్దరూ నల్లబట్టల్లో ఉన్నారు. వోయికా చేతిలో రేపు ఆటవాళ్ళకి పంచే తువ్వాళ్ళ బుట్ట.

"ఇంకా అవ్వలేదురా తుదోర్, నీ మీటలు నొక్కుకోవడం?" అంది పెద్దమ్మ.

"అయిపోవచ్చింది పెద్దమ్మా. పొయ్యి పక్కన కూర్చోకు, కళ్ళు మండుతాయి."

"మండనీ. ఏం శబ్దం పెట్టావు రేపటికి?"

"క్లారినెట్."

"అకార్డియన్ పెట్టు."

ఇరవై రెండో నంబరు నొక్కాను. అకార్డియన్. నాలుగు స్వరాలు వాయించాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"ఇది నీ చెయ్యి."

"మరి నాది కాక ఎవరిదవుతుంది?"

"వాడి చెయ్యి అందులో ఉందన్నావు. పాతిపెట్టి వచ్చిన రోజు తాగి చెప్పావు. మర్చిపోయావా?"

మర్చిపోలేదు. జూన్‌లో సాధన చేస్తున్నప్పుడు ఫానెల్ వాయించిన ఒక హోరా కీబోర్డులో దాచి ఉంది. అందులో ఉన్నవి వాడి వేళ్ళ కదలికలే. ఏ నంబరు పెట్టి వినిపించినా ఆ వేళ్ళే వాయిస్తాయి. వాడికి మూడో స్వరం దగ్గర కాస్త ఆలస్యంగా దిగే అలవాటు. అది కూడా అలాగే ఉంది.

"రేపు అది పెట్టు," అంది పెద్దమ్మ. "వాడి ఆటకి వాడే వాయించాలి."

వోయికా బుట్ట కిందపెట్టింది. "అదేంటత్తయ్యా? ఆట ఇచ్చేది ఆయనకి. వాయించేది కూడా ఆయనే అయితే పుచ్చుకునేదెవరు? వడ్డించేవాడు ఎప్పుడు తింటాడు?"

"నీకు నిండా ముప్ఫయ్యేళ్ళు లేవు. నాకు చెప్తావా?"

"చెప్తాను. ఆయన నా మొగుడు."

"నా కొడుకు!" అని అరిచింది పెద్దమ్మ. వెంటనే గొంతు పడిపోయింది. "ఒక్కసారి వింటానే, తల్లీ. ఒక్కసారి... పడుకునే ముందు చెవి గోడకి ఆనించి పడుకుంటున్నాను. ఏమైనా వినపడుతుందేమోనని. ఏమీ వినపడట్లేదు."

వోయికా ముఖం తిప్పుకుంది. నేను ఏం చెయ్యను? పెద్దమ్మ ముఖం చూసి కాదనగలిగే గుండె నాకు లేదు. సరేనన్నాను.

ఆదివారం మధ్యాహ్నానికి హాలు నిండిపోయింది. తడిసిన ఉన్నికోట్ల వాసన, మైనం వాసన, సారా వాసన. కిటికీలకి అవతల మంచు తెల్లగా నిలబడి ఉంది. పెద్దమ్మ ఒక చేత్తో కొవ్వొత్తి పట్టుకుని వలయానికి ముందు నిలబడింది. పక్కన ఫోటోతో వోయికా. జనం చేయీ చేయీ కలిపారు.

"ఈ ఆట ఫానెల్‌కి!"

నేను ఒక్క మీట నొక్కాను. వాడి వేళ్ళు మొదలుపెట్టాయి.

మూడో స్వరం ఆలస్యంగా దిగింది. పెద్దమ్మ ముఖం ఒక్కసారి విచ్చుకుంది. ఆగస్టు తర్వాత ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. డెబ్భై ఏళ్ళ మనిషి, చిన్నపిల్లలా అడుగులు వేసింది. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మంచిపనే చేశాననుకున్నాను.

ఆ హోరా మూడు చుట్లు. మూడోది ముగిసి, చివర ఒక ముక్తాయింపు ఉంటుంది. నాకు కంఠతా వచ్చు. మూడో చుట్టు ముగిసింది.

ముక్తాయింపు రాలేదు.

నాలుగో చుట్టు మొదలైంది. వాడు ఎప్పుడూ వాయించని వరస. నేను ఎన్నడూ వినని వరస... కానీ ఆ వేళ్ళు వాడివే.

ఆపు మీట నొక్కాను. తెరమీద ఆగిపోయిందని పడింది. పాట ఆగలేదు. బయటినుంచి కబురు వస్తున్నప్పుడు మాత్రమే వెలిగే చిన్న దీపం ఒకటుంటుంది. అది టపటపా కొట్టుకుంటోంది. వంగి వెనక చూశాను. మిడి వైరు గుచ్చే చోటు ఖాళీ. దాంట్లో దుమ్ము కూడా అలాగే ఉంది.

నా వేళ్ళతో వాయించి దాన్ని కప్పేద్దామని చూశాను. మీటలు దిగుతున్నాయి, శబ్దం లేదు. నా మీటలకీ శబ్దానికీ మధ్య లంకె తెగ్గొట్టే అమరిక ఒకటి ఉంది. నేను దాని జోలికి ఎప్పుడూ పోను. ఇప్పుడది తెగ్గొట్టి ఉంది.

అప్పుడు ఆ వాసన తగిలింది. పాత తోలు వాసన, తడిమట్టి వాసన. అకార్డియన్ తిత్తి తెరిచినప్పుడు ముఖానికి కొట్టే గాలి. కీబోర్డుకి తిత్తి ఎక్కడిది? కానీ ఊపిరి వినపడుతోంది. స్వరానికీ స్వరానికీ మధ్య... లాగుతోంది... వదులుతోంది...

అయిదో చుట్టు. ఏడో చుట్టు. ఆ తర్వాత లెక్క వదిలేశాను. వలయం తిరుగుతూనే ఉంది. ముసలివాళ్ళు రొప్పుతున్నారు. వాయిద్యం ఆగందే ఎవరూ చెయ్యి వదలరు. పాట మాత్రం నీరసపడుతోంది. తెర మీద నొక్కుడు బలం చూపించే గీత కుంచించుకుపోతోంది. వేళ్ళు జారుతున్నాయి. తప్పుతున్నాయి. మళ్ళీ దిద్దుకుంటున్నాయి. తెల్లవార్లూ వాయించిన పెళ్ళిలో, ఇక చాలని ఎవరూ అననప్పుడు, వాడు అలాగే వాయించేవాడు.

పెద్దమ్మ నవ్వు పోయింది. ముందుగా ఆవిడకే అర్థమైంది.

"అలిసిపోయాడ్రా..." అంది. "తుదోర్... ఆపరా. నా బిడ్డ అలిసిపోయాడు..."

గోడలోంచి కరెంటు వైరు పీకేశాను.

నిశ్శబ్దం. చేతులు విడిపోయాయి. ఎవరో కుర్చీలో కూలబడ్డారు. ఇంకెవరో, "యంత్రం చెడిపోయినట్టుంది," అన్నారు. ఆ మాట పట్టుకుని అందరూ కాస్త ఊపిరి పీల్చుకున్నారు. వోయికా స్టేజి దగ్గరికి వచ్చింది. పెదవులు పాలిపోయి ఉన్నాయి.

"బావగారూ," అంది చాలా చిన్నగా. "పోయాక కూడా ఆయన్ని పనికి పిలిచాం."

నా చేతిలో ఇంకా ఆ కరెంటు వైరు ఉంది.

"మళ్ళీ ఇద్దాం. ఇప్పుడే. మీ చేత్తో వాయించండి. ఆయన్ని కూర్చోనివ్వండి."

కీబోర్డు మళ్ళీ పెట్టాను. దాచిన హోరా చెరిపేశాను. నిజంగా చెరపాలా అని అది అడిగింది, అవునని నొక్కాను. నొక్కుతుంటే వాణ్ణి రెండోసారి పాతిపెడుతున్నట్టే అనిపించింది. పదహారు ఛానెళ్ళూ బయటి కబురు అందుకోకుండా మూసేశాను. నా మీటలు మళ్ళీ శబ్దానికి కలిపాను. అకార్డియన్ తీసేసి క్లారినెట్ పెట్టాను. ఇక అందులో మిగిలింది నా వేళ్ళే.

పెద్దమ్మ కొవ్వొత్తితో నా పక్కకి వచ్చి వంగింది. మైనం చేతిమీద కారుతున్నా చూసుకోవట్లేదు.

"ఇది అందితే వాడిక రాడా?"

"రాడు పెద్దమ్మా. సుఖంగా ఉంటాడు."

"నాకు వినపడడు."

అబద్ధం చెప్పి ఉండాల్సింది. నోరు రాలేదు. "వినపడడు," అన్నాను.

ఆవిడ వోయికా చేతిలో ఉన్న ఫోటో వైపు చాలాసేపు చూసింది. తర్వాత, "సరే, మొదలెట్టు," అంది.

మొదలుపెట్టాను. వలయం కదిలింది. పేరు చెప్పాలి. పెద్దమ్మ జనానికి వీపు పెట్టి, నా వైపు తిరిగి, పెదవులు కదిపీ కదపనట్టు అంది. క్లారినెట్ హోరులో ఆ మాట నాకొక్కడికే వినపడింది.

"ఈ ఆట స్తాంకాకి."

తన పేరు.

తమకి ఇచ్చేవాళ్ళు ఉండరన్న బెంగతో బతికుండగానే తమ పేరున ఆట ఇచ్చుకునే ముసలివాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు. అది తప్పు కాదు. కానీ ఇది ఫానెల్ ఆట. ఆవిడ వాణ్ణి పంపలేదు. పోయినవాళ్ళలో తన చోటు తాను పట్టుకుని, వాణ్ణి ఇక్కడే ఉంచేసుకుంది.

నా వేళ్ళు తడబడ్డాయి. ఆవిడ కళ్ళతోనే బతిమాలింది. చెప్పకురా అని. ఆ వెనకే వోయికా, ఫోటో గుండెకి హత్తుకుని, వెక్కి వెక్కి ఏడుస్తూ అడుగులు వేస్తోంది. మూడు నెలలుగా రాయిలా ఉన్న పిల్ల, ఇప్పుడు కరుగుతోంది. ఆయన వెళ్ళిపోయాడనే నమ్ముతోంది. ఆ పిల్లకి ఏమని చెప్పను? చివరిదాకా వాయించాను. కీబోర్డు మీది ఆ చిన్న దీపం వెలగలేదు.

సాయంత్రానికి మంచు దట్టమై దారి కనపడలేదు. కీబోర్డు పెద్దమ్మ ఇంట్లో పెట్టి, నడుచుకుంటూ మా ఇంటికి పోయాను. కరెంటు వైరు నేనే చుట్టి, పైన గుడ్డ కప్పి వచ్చాను.

సోమవారం దాన్ని తెచ్చుకుందామని వెళ్తుంటే వోయికా దారిలో ఎదురైంది. చేతిలో చేమంతులు. స్మశానానికి బయల్దేరింది.

"రాత్రి కంటినిండా నిద్రపోయాను బావగారూ," అంది. "ఆయనకీ పట్టి ఉంటుంది కదా?"

"పట్టే ఉంటుంది," అన్నాను.

పెద్దమ్మ ఇంటి తలుపు తీసే ఉంది. వంటింట్లో పోయినవాళ్ళకి పెట్టే ఉడికిన గోధుమల వాసన. దాని కింద, సన్నగా, పాత తోలు వాసన, తడిమట్టి వాసన. నేను గడపలోనే ఆగిపోయాను.

లోపల అకార్డియన్ మోగుతోంది. మూడో స్వరం ఆలస్యంగా దిగింది.

కీబోర్డు బల్లమీద ఉంది. వైరు చుట్టినట్టే చుట్టి ఉంది. తెర వెలుగుతోంది. నేను మూసిన ఛానెళ్ళలో ఒకటోది తెరుచుకుని ఉంది. అందులో గీత పైకీ కిందికీ ఆడుతోంది. నిన్నటి అలుపు లేదు. వాడు హాయిగా వాయిస్తున్నాడు. ఆగి ఎవరికోసమో కాచుకుంటున్నట్టు, నెమ్మదిగా వాయిస్తున్నాడు.

రెండో ఛానెల్ కూడా తెరుచుకుని ఉంది.

బేసు. ఒక మీట... తప్పు. మళ్ళీ అదే మీట... మళ్ళీ తప్పు. వేళ్ళు బిగుసుకుపోయినవాళ్ళు నొక్కినట్టు. ఎన్నడూ వాయిద్యం ముట్టనివాళ్ళు నొక్కినట్టు...

ఎదురుగా కుర్చీలో పెద్దమ్మ కూర్చుని ఉంది. నల్లరుమాలు తీసేసి, జుట్టు నున్నగా దువ్వుకుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. గోళ్ళు నీలంగా ఉన్నాయి.

"పెద్దమ్మా..." అన్నాను.

నా వైపు చూడలేదు. చిన్నగా నవ్వింది.

"ఉండ్రా," అంది. "నేర్చుకుంటున్నాను."

ఒళ్ళో చేతులు కదల్లేదు. ఈసారి బేసు సరిగ్గానే పడింది.