గంట ఆగితే తేనె

శవం బోర్లా పడి ఉంది.

తల వెనక మూడు దెబ్బలు. మొదటి దెబ్బకే ప్రాణం పోయి ఉంటుందన్నాడు డాక్టరు. మిగిలిన రెండూ కసి కొద్దీ కొట్టినవి. పుర్రె ఒకవైపు లోపలికి దిగిపోయింది. రక్తం టేబుల్ కాళ్ల దాకా పాకింది. అక్కడ పగిలిన సీసాలోంచి కారిన నూనెతో కలిసి జిగటగా మడుగు కట్టింది. పక్కనే రెండు కిలోల ఇనప తూకం రాయి. దానికి నెరిసిన వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

మధ్యాహ్నం పన్నెండూ ఐదు.

ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోనే ఆగిపోయింది. నలభై ఆరేళ్ల మనిషి. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఇంతకంటే ఘోరంగా పోయినవాళ్లను చూసింది. కానీ ఈ పెద్దాయనను ఆమె ఎరుగును. ఆయన చేసిన సెంటు తప్ప ఇంకోటి ఒంటికి తగలనివ్వదు. నిన్నటితో అయిపోయిన చిన్న సీసా ఆమె హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. సాయంత్రం ఇటు వచ్చి నింపించుకుందామనుకుంది. ఇలా రావలసి వచ్చింది.

"ముక్కు ఊడిపోయేలా ఉంది మేడమ్," అన్నాడు వెనక నుంచి ఎస్సై, కర్చీఫ్ అడ్డం పెట్టుకుని. "శవం కాదు, ఈ నూనె. మేకల దొడ్డిలో నిలబడ్డట్టుంది."

ఎస్సై అన్నదాంట్లో తప్పు లేదు. ఆ సెంటు పేరు పదిహేడు. పెద్దాయన పదిహేడోసారి కలిపితే కుదిరిందట, అదే పేరైపోయింది. మూత తీస్తే మేక కంపు. సగం మంది అక్కడే ముక్కు మూసుకుని పారిపోతారు. మిగిలిన సగం మంది మణికట్టు మీద ఒక చుక్క రాసుకుని, తిట్టుకుంటూ ఓ గంట ఓర్చుకుంటారు. అప్పుడు తేనె లేస్తుంది. ఊరికే తీపి కాదది. పట్టు పిండినప్పటి ముదురు తేనె, మైనం, ఎండుగడ్డి, కాస్త మనిషి చెమట. ఒకసారి ఆ రుచి మరిగినవాళ్లు ఇక వేరే సీసా వైపు చూడరు.

"ఒంటి వేడి తగలందే అది నోరు విప్పదమ్మా," అనేవాడు పెద్దాయన. "నేల మీదా బట్ట మీదా ఏడాది ఉంచు, మేకే. మనిషి మీద గంట ఉంచు, తేనె."

పదకొండేళ్లుగా ఇన్‌స్పెక్టర్ పొద్దున జీపెక్కే ముందు పదిహేడు రాసుకుంటోంది. ఆ మొదటి గంట పక్కన కూర్చునే ఖర్మ ఎస్సైది. స్టేషన్లో ఆమెకు చాటుగా తేనెటీగ అని పేరు పెట్టింది ఆయనే. ఆ సంగతి ఆమెకు తెలీదని ఆయన నమ్మకం.

"పట్టుకున్నదెవర్ని?" అడిగింది.

"వ్యాన్ డ్రైవర్ని మేడమ్. ఈ సరుకు షాపులకి వేసేది వాడే. పదింటికి పెద్దాయనతో గొడవ. డబ్బా ఒకటి కింద పడేశాడని ఆయన తిట్టాడు. వీడు నీ తల పగలగొడతానన్నాడు. వీధిలో నలుగురు విన్నారు. పదకొండూ నలభైకి ఒళ్లంతా రక్తంతో ఇందులోంచి బయటికొచ్చాడు."

"ఎక్కడున్నాడు?"

"జనం కుమ్మేశారు. ఎడమ చెయ్యి విరిగింది. ముందు పళ్లు రెండు రోడ్డు మీద దొరికాయి. పన్నెండింటికి జీపులో ఆసుపత్రికి దింపి ఇప్పుడే వచ్చాను. వాడి చేతులకీ ఇదే నూనె. దారి పొడుగునా మేకని మోసుకెళ్లినట్టే ఉంది."

వర్క్‌షాపుకి ముందు చిన్న వరండా. దాని అవతల షాపు. షాపు చూసుకునేది పెద్దాయన తమ్ముడు. యాభై దాటిన మనిషి. కుర్చీలో తల పట్టుకుని కూర్చున్నాడు. తెల్ల చొక్కా ఇస్త్రీ మడతలు ఇంకా చెదరలేదు. ఇన్‌స్పెక్టర్ ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"అన్నయ్యగారిని ప్రాణాలతో ఎప్పుడు చూశారు?"

"తొమ్మిదిన్నరకి."

"తరవాత?"

"షాపులోనే ఉన్నాను. పదకొండూ నలభై ఐదుకి కేకలు వినపడితే లోపలికి పరిగెత్తాను."

"శవాన్ని ముట్టుకున్నారా?"

"ముట్టుకోకుండా ఎలా ఉంటాను మేడమ్, తోడబుట్టినవాణ్ణి. లేపబోయాను. చేతులకి రక్తం, ఆ దిక్కుమాలిన నూనె. వెళ్లి సబ్బుతో కడుక్కున్నాను."

"ఆ సెంటు మీరు రాసుకుంటారా?"

"చచ్చినా రాసుకోను. బుద్ధెరిగాక ఒక్కరోజు రాసుకోలేదు. అన్నయ్య మూత తీస్తే నేను వీధిలోకి పోతాను. అందరికీ తెలుసు."

ఆయన చేతులతో మొహం తుడుచుకున్నాడు. గాలి కదిలింది. తేనె వాసన సన్నగా ఇన్‌స్పెక్టర్ ముక్కుకు తగిలింది. చేసిన మనిషి పోయాడు, తన ఒంటి మీద ఈ వాసన మాత్రం మిగిలింది. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. స్టూలు వెనక్కి నెట్టి లేచింది.

మూడో మనిషి శిష్యురాలు. ఇరవై ఆరేళ్లు. ఆరేళ్లుగా పెద్దాయన దగ్గర పని నేర్చుకుంటోంది. పొద్దున పార్సిళ్లు పట్టుకుని పోస్టాఫీసుకి వెళ్లింది. టోకెన్ మీద టైము పదీ రెండు. క్యూలో చిక్కుకుని పదకొండూ యాభైకి తిరిగొచ్చింది. కౌంటర్ గుమాస్తా ఫోన్లో అవునన్నాడు.

"అన్నదమ్ములకి పడదా?" అడిగింది ఇన్‌స్పెక్టర్.

ఆ పిల్ల ముక్కు చీదుకుంది. "నిన్న పెద్ద బేరం వచ్చింది మేడమ్. చిన్నసారే తెచ్చారు. మేక తీసేసి, మొదటి నుంచే తేనె వచ్చేలా చేయమన్నారు వాళ్లు. మా సారు కుదరదన్నారు. చిన్నసార్ ఏదో చెప్పబోతే, వాళ్ల ముందే, నీకు ముక్కు లేదురా, గంట ఆగే ఓపికా లేదు అన్నారు."

"ఆయనేమన్నారు?"

"నవ్వారు. ఎప్పుడూ నవ్వేస్తారు."

రెండుంబావుకి ఆసుపత్రి. డ్రైవర్ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పెదవి రెండుగా చీలింది. పక్కనే అతని భార్య. ఎనిమిదో నెల. బెంచీ అంచున కూర్చుని, కట్టు కట్టని అతని చేతిని రెండు చేతుల్లో పట్టుకుంది. ఆ చేతికి బేడీ.

"గొడవయ్యాక ఎక్కడికెళ్లావ్?"

"చెట్టు కింద వ్యాను ఆపి పడుకున్నానమ్మా. కోపం దిగాక, తప్పైంది సార్ అని చెబుదామని వచ్చాను. పడిపోయున్నారు. ఎత్తి ఒళ్లో పెట్టుకుని చూసి, మళ్లీ అలాగే దించాను."

"నిన్నెవరైనా చూశారా, చెట్టు కింద?"

"ఎవరూ చూళ్లేదమ్మా."

"మా ఆయన నోరు మంచిది కాదు గానీ చెయ్యి ఎత్తే మనిషి కాదమ్మా," అంది భార్య. "ఒక్కసారి లోపలికి పోతే ఎన్నేళ్లకి వస్తాడు? పుట్టేదానికి ఏం చెప్పుకోను?"

డ్రైవర్ మీదికి వంగినప్పుడు అతని మణికట్టు దగ్గర తేనె వాసన. ఇన్‌స్పెక్టర్ బయటికి నడిచింది.

కిందికి దిగుతుంటే డీఎస్పీ ఫోన్. "రక్తం ఉంది, గొడవ ఉంది, సాక్షులున్నారు. ఇంకేం ముహూర్తం చూస్తున్నారు? ఐదింటికి వాణ్ణి మేజిస్ట్రేట్ ముందు పెట్టండి."

జీపులో ఎస్సై హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"ఒకటడగనా మేడమ్? ఇవాళ పొద్దున మీరు జీపెక్కితే మేక రాలేదు. సెలవు పెట్టిందా?"

"ఏంటి?"

"అదే, మీ సెంటు. ఇవాళ రాసుకోలేదు కదా."

ఇన్‌స్పెక్టర్ హ్యాండ్‌బ్యాగు తెరిచింది. సీసా తీసి వెలుగుకి పట్టింది. అడుగున తడి కూడా లేదు. నిన్నటితో అయిపోయింది. ఇవాళ ఆమె ఒంటి మీద చుక్క లేదు.

అసలు రోజూ రాసుకునేవాళ్లకి తమ వాసన తమకు తెలియదు. తెలిసిందంటే అది పక్కవాళ్లదే. పదకొండేళ్ల అనుభవం ఉండి, ఆ మాత్రం తట్టలేదు. తనమీద తనకే ఒళ్లు మండింది.

"బండి తిప్పండి," అంది. "డ్రైవర్ని, వాళ్లావిడని తీసుకుని వర్క్‌షాపుకి. మూడింటికల్లా అందరూ అక్కడుండాలి."

మూడింటికి అందరూ ఉన్నారు. శవాన్ని తీసుకెళ్లిపోయారు. నేల మీద సుద్ద గీత, ఎండిన రక్తం. తమ్ముడు కిటికీ దగ్గర. శిష్యురాలు బీరువా దగ్గర. డ్రైవర్ స్టూలు మీద, భార్య అతని వెనక.

ఇన్‌స్పెక్టర్ మడుగులోని నూనెను ఫోరెన్సిక్ వాళ్లు పట్టి ఉంచిన చిన్న గొట్టం తీసింది. ఎస్సై చెయ్యి లాగి మణికట్టు మీద ఒక చుక్క వేసింది.

"ఇదేం శిక్ష మేడమ్?" ఎస్సై మొహం అటు తిప్పుకున్నాడు.

"టైము రాసుకోండి, మూడూ రెండు. కడిగితే ఊరుకోను. ఇప్పుడు వెళ్లి షాపంతా వెతకండి. ఏం దొరుకుతుందో మీ ముక్కే చెబుతుంది."

తమ్ముడు వాచీ చూసుకున్నాడు. "దేనికి మేడమ్ ఇదంతా? దొరికినవాడు ఎదురుగా ఉన్నాడు."

"ఒక గంటే. ఆగుదాం."

ఆ గంట ఎవరికీ గడవలేదు. డ్రైవర్ మూలుగుతున్నాడు. అతని భార్య గోడ గడియారం వైపు చూస్తూ కూర్చుంది. ముల్లు కదిలిన ప్రతిసారీ ఆమె చెయ్యి కడుపు మీదికి పోయింది.

నాలుగూ ఐదుకి ఎస్సై తిరిగొచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు. గుమ్మం దాటగానే ఆగి, గాలి పీల్చి, చుట్టూ చూశాడు.

"ఎవరండీ, తేనె పూసుకొచ్చారు? బావుందే."

"మీ చెయ్యి చూసుకోండి," అంది ఇన్‌స్పెక్టర్.

ఎస్సై మణికట్టు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ పీల్చాడు. ఆయన మొహం చూసి శిష్యురాలు ఏడుపులోనే నవ్వింది.

"ఇప్పుడు వినండి," అంది ఇన్‌స్పెక్టర్. "డ్రైవర్‌కి ఈ నూనె అంటింది పదకొండూ నలభైకి. పన్నెండింటికి జీపులో వాడి చేతులు మేక కంపు కొట్టాయి. రెండుంబావుకి తేనె వాసన వేశాయి. లెక్క సరిపోయింది." తమ్ముడి వైపు తిరిగింది. "మీకు అంటింది పదకొండూ నలభై ఐదుకి అన్నారు. అంటే డ్రైవర్ కంటే తరవాత. మరి పన్నెండూ పదికి నేను మీ ఎదురుగా కూర్చున్నప్పుడు మీ చేతులు తేనె వాసన ఎలా వేశాయి?"

తమ్ముడు చేతులు వెనక్కి దాచుకున్నాడు.

"అది నా ఒంటిదే అనుకున్నాను. నా సీసా నిన్ననే ఖాళీ. ఇది సబ్బుకి లొంగదు. మీ చేతికి నూనె అంటి అప్పటికే గంట దాటింది. అంటే పదకొండూ పదికి ముందే. ఆ సీసా పగిలింది పెద్దాయన పడినప్పుడే. అప్పుడు మీరు ఈ గదిలో ఉన్నారు."

"వాసన చూసి ఉరి వేస్తారా? ఏ కోర్టు ఒప్పుకుంటుంది?"

"కోర్టుకి ఇది చూపిస్తాం," అన్నాడు ఎస్సై. కవరు విప్పాడు. గదంతా మేక కంపు. లోపల ఉండ చుట్టిన తెల్ల చొక్కా. రొమ్ము మీదా చేతుల మీదా రక్తం చిమ్మిన చుక్కలు. "ఖాళీ సీసాల అట్టపెట్టెలో అడుగున పెట్టారు. ఇంకొకరైతే పైపైన చూసి వదిలేద్దురు. నాకు ఆ కంపంటే అసహ్యం కాబట్టి దొరికింది."

"శవాన్ని ఎత్తితే రక్తం పూసుకుంటుంది," అంది ఇన్‌స్పెక్టర్. "ఇలా చిమ్మదు. మధ్యాహ్నం దాకా ఇస్త్రీ మడత చెదరని చొక్కా మీ ఒంటి మీద చూసి కూడా నేను అడగలేదు. అదీ నా తప్పే."

ఆ మాట పూర్తి కాలేదు. తమ్ముడు అర మీది పెద్ద ఖాళీ సీసా లాగి టేబుల్ అంచుకి కొట్టాడు. గాజు పెంకులు ఎగిరాయి. మెడ పట్టుకుని, ఆ కోరల్లాంటి ముక్కను శిష్యురాలి గొంతుకి ఆనించాడు. ఆ పిల్ల మెడ మీద ఎర్రగా ఒక గీత పడింది.

"జరగండి. అందరూ జరగండి."

ఎస్సై ముందుకి దూకి చేత్తో గాజు పట్టేశాడు. అరచెయ్యి ఎముక దాకా తెగింది. ఆయన వదల్లేదు. ఇన్‌స్పెక్టర్ పక్కనున్న ఇంకో స్టూలు రెండు చేతులా ఎత్తి తమ్ముడి ఎడమ మోచేతి మీద దించింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినపడింది. రెండో దెబ్బ మోకాలి మీద. అతను సుద్ద గీతలోనే కూలబడ్డాడు. శిష్యురాలు గోడకి ఆనుకుని జారిపోయింది. డ్రైవర్ భార్య పరిగెత్తి తన పైట అంచుతో ఆ పిల్ల మెడ అదిమి పట్టుకుంది.

"డ్రైవర్ గొడవపడి వెళ్లిన వెంటనే వచ్చారు. పదీ ఇరవై," అంది ఇన్‌స్పెక్టర్ రొప్పుతూ. "అంతేనా?"

"నీకు ముక్కు లేదురా అన్నాడు," అన్నాడతను నేల మీద నుంచి. "నలభై ఏళ్లు. నా పెళ్లాం ముందు, బేరగాళ్ల ముందు. పొద్దున మళ్లీ బతిమాలడానికి వచ్చాను. పదిహేడు కలుపుతున్నాడు. వెనక్కి తిరగలేదు. గంట ఆగి రారా, ముక్కు మొలుస్తుందేమో అన్నాడు. రాయి చేతికి తగిలింది."

డ్రైవర్‌ని జనం చంపబోతుంటే షాపు గుమ్మంలో నిలబడి చూశాడు కూడా. ఆ మాట ఇన్‌స్పెక్టర్ అడిగింది. అతను తల దించుకున్నాడు.

నాలుగూ ఇరవైకి డ్రైవర్ బేడీ ఊడింది. అదే బేడీ తమ్ముడి కుడి చేతికి పడింది. డ్రైవర్ తన చెయ్యి తను చూసుకుంటూ చాలాసేపు కూర్చున్నాడు. భార్య అతని తల తన పొట్టకి ఆనించుకుని అప్పుడు ఏడ్చింది.

డీఎస్పీకి ఫోన్ చేసి, ఐదింటికి మనిషి మారాడు సార్ అని ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది ఇన్‌స్పెక్టర్.

తమ్ముణ్ణి జీపు దగ్గరికి నడిపించారు. మొహం నిండా చెమట. బేడీ పడిన చెయ్యి ఎత్తి తుడుచుకోబోయి, మణికట్టు ముక్కు దగ్గరికి వచ్చాక ఆగిపోయాడు. ఒకసారి పీల్చాడు. ఇంకోసారి.

"ఇదేనా?" అన్నాడు.

"ఇదే," అంది ఇన్‌స్పెక్టర్.

"అన్నయ్య చేసింది ఇదా?"

అతను మణికట్టు మొహానికి అదుముకుని, నడిరోడ్డు మీద, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టాడు. ఎస్సై కట్టు కట్టిన చేత్తోనే జీపు తలుపు తీసి పట్టుకున్నాడు.