వాడి మాట వాణ్ణే చెప్పనీ

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు లేచేది అమ్మ నోరు. పాల ప్యాకెట్టు కత్తిరిస్తూ, స్నానాల గది తలుపు కొడుతూ, మొగుడి బూట్లు వెతికిపెడుతూ ఒక్క క్షణం ఊరుకోదు. ఆవిడ ఉద్యోగమూ అలాంటిదే. పెద్దాసుపత్రిలో ఫోనెత్తే పని. అవతలివాళ్ళు కంగారులో సగం చెబితే, మిగతా సగం ఈవిడే అందుకుని సరైన డాక్టరుకు కలిపేస్తుంది. ఆ పనిలో ఆవిడను మించినవాళ్ళు లేరని అక్కడ పేరు.

ఇంట్లోనూ ఆ పేరు నిలబెట్టుకుంటూ వచ్చింది. కొడుక్కి చిన్నప్పటి నుంచీ నత్తి. మాట మొదట్లోనే గొంతు పట్టేస్తుంది. వాడు అవస్థ పడుతుంటే చూడలేక, ఆ మాటేదో ఆవిడే పూర్తి చేసేస్తుంది. బళ్ళో, బజార్లో, చుట్టాలిళ్ళలో, ఎక్కడైనా అంతే. వాడిప్పుడు యూనివర్సిటీలో చదువుతున్నాడు, గడ్డం కూడా వచ్చింది. ఆవిడ అలవాటు మాత్రం పోలేదు.

ఆ రోజు టీ తాగుతూ వాడు, "అమ్మా, శనివారం మా... మా..." అన్నాడు.

"మీ ఫ్రెండు పుట్టినరోజు, నీలం చొక్కా కావాలి. ఇస్త్రీ చేసి బీరువాలో పెట్టాను, తీసుకో."

వాడు తల్లి మొహంలోకి ఓసారి చూసి, కప్పు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు.

వాడు చెప్పబోయింది చొక్కా సంగతి కాదని సాయంత్రానికి తేలింది. వాళ్ళ నాన్న డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. అక్కడ నేర్చుకుంటున్న ఓ యూనివర్సిటీ అమ్మాయి చూపించిన పోస్టరు ఆయన ఫోన్లో వేయించుకొచ్చాడు. విద్యార్థుల కళావారం. ఎవరూ పట్టించుకోని మనుషుల గురించి బొమ్మలు, పాటలు, నాటకాలు. శనివారం నాటకంలో ముఖ్యపాత్ర తమవాడిదే.

ఆయనకైతే కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆవిడకు మాత్రం ఒకటే భయం. అంతమంది ముందు వాడి గొంతు పట్టేస్తే? వెనక వరుసలో ఎవడో కిసుక్కున నవ్వితే? మర్నాడు డ్యూటీ మధ్యలో పర్మిషన్ పెట్టి, ఎవరికీ చెప్పకుండా యూనివర్సిటీకి వెళ్ళి, నాటకం చేయిస్తున్న సీనియర్ అమ్మాయిని పట్టుకుంది. మావాడికి మాటల్లేని వేషం ఏదైనా ఇవ్వమ్మా, బల్లలు మోసేదైనా పర్లేదు అని బతిమాలింది. ఆ పిల్ల మెత్తబడింది. మాటలన్నీ ఇంకొకరి గొంతుతో రికార్డు చేయిద్దాం, మీవాడు పెదవులు కదిపితే చాలు అంది. హమ్మయ్య అనుకుంటూ తిరిగొచ్చింది మన మహాతల్లి.

ఆ సంగతి తెలిసి కొడుకు ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"నువ్వు ఎం... ఎందుకు..."

"నీ మంచికేరా. అందరిలో నవ్వులపాలైతే నువ్వు..."

"ఆ... ఆగమ్మా."

ఆ మాట వాడెప్పుడూ అనలేదు. ఆవిడ గరిటె పక్కన పెట్టింది. వాడు చెప్పడం మొదలుపెట్టాడు, చాలాసేపు పట్టింది. ఆ నాటకం రాసింది వాడేనట. ఆ పాత్రకు నత్తి పెట్టిందీ వాడేనట. వేరేవాళ్ళ గొంతు పెడితే ఇక ఆ నాటకానికి అర్థమే లేదట. మధ్యలో రెండుసార్లు ఆవిడకు మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"వాళ్ళు న... నవ్వితే తట్టుకుంటానమ్మా," అన్నాడు చివరికి. "ను... నువ్వు నమ్మకపోతే తట్టుకోలేను."

వాడు గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాక ఆవిడకు ఏడుపు ఆగలేదు. కన్నతల్లిని, నేను వాడి మంచి కోరకపోతే ఎవరు కోరతారు అని మొగుణ్ణి నిలదీసింది. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"నా కారులో నావైపు కూడా ఓ బ్రేకుంటుంది. నేర్చుకునేవాడు తడబడ్డప్పుడల్లా నేను తొక్కేశాననుకో, వాడికి ఈ జన్మలో కారు రాదు. కాలు దగ్గరే పెట్టుకుని కూర్చుంటాను, అంతే. వాడి మాట వాణ్ణే చెప్పనీ."

"నీతులు బానే చెప్తారు," అని ముక్కు చీదుకుని, అప్పటికప్పుడు ఆ సీనియర్ అమ్మాయికి ఫోన్ చేసింది. తప్పు నాదమ్మా, వాడి మాటలు వాడికిచ్చెయ్ అనడానికి ఎంత తడుముకుందో ఆవిడకే తెలుసు.

శనివారం హాలు కిక్కిరిసిపోయింది. కథ ఓ ఆఫీసులో జరుగుతుంది. ఆఫీసు గోడ బీటలిచ్చిందని చెప్పడానికి ఓ మనిషి, అదే మనవాడు, పరిగెత్తుకొస్తాడు. అతను నోరు తెరిచేలోపే ఒక గుమాస్తా పింఛను కాగితాలు చేతిలో పెడతాడు. ఇంకొకడు పెళ్ళి సర్టిఫికెట్టు రాసిచ్చేస్తాడు. మూడోవాడు ఏకంగా చనిపోయినట్టు ముద్ర గుద్దేస్తాడు. జనం పడీపడీ నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది గానీ, ఆ గుమాస్తాల్లో తన గొంతు తనకే వినిపించేసరికి నవ్వు ఆగిపోయింది.

ఆఖరికి అందరూ పక్కకు తప్పుకున్నారు. వెలుగులో వాడొక్కడే మిగిలాడు. గొంతు పట్టేసింది. నటన కాదు, నిజంగానే. మెడ నరాలు బిగుసుకోవడం కన్నతల్లికి తెలియదూ? ఆ మాటలు ఆవిడకు కంఠతా వచ్చు, ఈ నాలుగు రోజులూ వాడు స్నానాల గదిలో వల్లెవేస్తుంటే విన్నవే. నోరు దాటకుండా పెదవి కొరికి పట్టింది. పక్కన నీతులు చెప్పిన పెద్దమనిషి కుడికాలితో నేలను అదిమి తొక్కుతున్నాడు.

"గో... గోడ కూలిపోతోంది. మీరందరూ దాని కిందే ఉన్నారు. ఇ... ఇంతసేపూ నేను చెబుతున్నది అదే."

ఆ తర్వాత చప్పట్లు చూడాలి, కుర్చీల్లో ఒక్కరు కూర్చుంటే ఒట్టు. తండ్రి ముందు వరుసకీ వెనక వరుసకీ తిరిగి, మావాడేనండీ, రాసిందీ వాడే అని చెప్పుకుంటూనే ఉన్నాడు. తల్లి చేతులు నొప్పెట్టేదాకా చప్పట్లు కొట్టింది.

నాటకం మీద చూసినవాళ్ళ మాట కూడా వింటామని సీనియర్ అమ్మాయి మైకు పట్టుకుని నేరుగా ఆవిడ దగ్గరికే వచ్చింది. ఆవిడ లేచి నిలబడింది. రోజంతా ఊరందరికీ జవాబిచ్చే ఆ గొంతు పెగల్లేదు. మొగుడు జాలిపడి, ఆవిడ తరఫున తను చెప్పబోతూ మైకు మీద చెయ్యి వేశాడు.

"నా... నాన్నా, ఉండు," అన్నాడు కొడుకు స్టేజీ మీంచి. "అమ్మ చెప్తుంది."

ఎవరూ తొందరపెట్టలేదు. వాడు స్టేజీ అంచున కూర్చుని, మొహంలో రవ్వంత విసుగు లేకుండా తల్లి వైపే చూస్తూ ఎదురుచూశాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"వీడు నా కొడుకు. ఇన్నేళ్ళూ వీడి మాటలన్నీ నేనే చెప్పేశాను. ఇంత మంచి మాటలు... ఎన్ని వినకుండా పోగొట్టుకున్నానో."

అక్కడితో ఆగిపోయింది. వాడు ఇంకాసేపు చూశాడు.

"ఇం... ఇంకా ఉందా అమ్మా?"

"లేదు నాన్నా. ఇక నువ్వు చెప్పు, నేను వింటాను."