పాసు అడగని తలుపు

మాచర్ల స్టేషన్లో గుంటూరు బండి కోసం నిలబడ్డ ఏలియా ఉన్నట్టుండి మెడ తడుముకున్నాడు. ఏదో చురుక్కుమంది. వెనక్కి తిరిగి చూశాడు. జనం, మూటలు, కోళ్ళ గంపలు. రెండడుగులు వేసి, సిమెంటు బల్ల పట్టుకోబోయి, పట్టు దొరక్క కూలిపోయాడు.

"వడదెబ్బ! నీళ్ళు తెండ్రా!" అని ఎవరో అరిచారు. ఒకరు ఉల్లిపాయ చితక్కొట్టి వాసన చూపించారు. ఇంకొకరు తడిగుడ్డ కప్పారు. రైల్వే డాక్టరు వచ్చి నాడి చూసి, పెదవి విరిచి, వడదెబ్బ అని రాసేశాడు. ఆయన్ని అనడానికేం లేదు. మే నెలలో, మిట్టమధ్యాహ్నం, మాచర్లలో మనిషి పడిపోతే ఇంకో కారణం వెతికే వెర్రివాడెవడు?

చంపినవాళ్ళు ఆ ధైర్యంతోనే చంపారు.

"మెడ వెనక సూది గుచ్చిన బొట్టు ఉంది. విషం," అన్నాడు చీఫ్ గోపాలకృష్ణయ్య. హైదరాబాదులో, బోర్డు లేని ఓ మేడ మీద గది. ఎదురుగా సీక్రెట్ ఏజెంట్ బాబూరావు కూర్చుని ఉన్నాడు. "ఏలియా ఎవరో తెలుసుగా?"

"మాచర్ల కంప్యూటర్ సెంటర్లో ప్రోగ్రామర్. కొత్త కాలువకి ఎప్పుడెంత నీళ్ళు వదలాలో ఆ కంప్యూటర్ లెక్కగడుతుంది."

"లెక్కగట్టడమే కాదు, హుకుం కూడా అదే ఇస్తుంది. గేట్ల దగ్గరుండే లస్కర్లు లంచాలు తిని ఇష్టమొచ్చినట్టు నీళ్ళు వదులుతున్నారని పోయినేడు కొత్త రూలు పెట్టారు. టెలిప్రింటర్ మీద యంత్రం పంపిన కోడ్ పూర్తిగా వస్తేనే గేటు ఎత్తాలి. మంత్రి ఫోన్ చేసినా వినకూడదు."

"మంచి రూలే సార్."

"యంత్రం మన చేతిలో ఉన్నంతసేపూ మంచిదే." చీఫ్ సిగరెట్ నలిపేశాడు. "ఖర్చులు తగ్గించి పెడతామంటూ విదేశాల నుంచి ఎక్స్‌పర్టులు దిగారు. నాయకుడి పేరు క్రేల్. వాళ్ళు అడిగిన తలుపల్లా తెరవాలి, వాళ్ళని ఎవరూ ఏమీ అడగకూడదు అని పైనుంచి ఆర్డరు."

"పైనుంచి అంటే ఎవరు సార్?"

"అది అడగకూడదని కూడా ఆ ఆర్డర్లోనే ఉంది. ఏలియా నాకు ఫోన్ చేశాడు. వాళ్ళు తాళాలతో ఆగలేదు సార్, కోడ్‌లు కూడా తీసుకున్నారు, బండెక్కి వచ్చి అంతా చెప్తాను అన్నాడు. అక్కడ మన మనిషి ఒకరున్నారు. క్రేల్ సెక్రటరీ, పేరు వరలక్ష్మి. ఏలియాకి కాపలాగా స్టేషన్‌కి వెళ్ళమని ఆమెకి కబురు పెట్టాను. ఆమె వెళ్ళేసరికే అంతా అయిపోయిందట."

"ఆమెని నమ్మొచ్చా?"

"నమ్మమని నేనెవరి గురించీ చెప్పను. నాతో సహా. మీ వైపు ఎండలెట్లా ఉన్నాయని అడుగు. కుండలో నీళ్ళు కాగుతున్నాయని జవాబొస్తుంది."

గోడ మీది మ్యాపులో కాలువ నీలం గీతలా కిందికి దిగి కారంపూడి పక్కనుంచి పోతోంది. బాబూరావు చూపు ఆ గీత మీదే ఆగిపోయింది. అతనిది రొంపిచెర్ల. తల్లి పోయాక అతన్ని పెంచి, కూలికి పోయి, మిషన్ బడిలో చదివించింది అక్క మార్తమ్మ. ఆ అక్క ఇప్పుడు కారంపూడి దగ్గర, ఎండాకాలమని నీళ్ళాపిన ఆ కాలువ అడుగునే సిమెంటు తట్టలు మోస్తోంది. ఆ మాట చీఫ్‌తో అంటే కేసు ఇంకొకరికి పోతుంది. అందుకని మాచర్ల బస్సెప్పుడని మాత్రం అడిగాడు.

మాచర్ల సెంటర్ గేటు ముందు మర్నాడు దిగినవాడు ఖాకీ చొక్కా, చేతులకి గ్రీజు, భుజాన టూల్ బాక్సు ఉన్న ఏసీ మెకానిక్. స్క్రూడ్రైవర్ పిడిలో వైర్‌లెస్ ఉంది. స్పానర్ల కింద రివాల్వర్ ఉంది. గేటు దగ్గర వాచ్‌మన్ అతని పేరైనా అడగలేదు.

వరండాలో అడుగుపెట్టి బాబూరావు నోరు తెరిచాడు. ఆఫీసు స్టాఫంతా గోడవారగా చాపలేసుకుని పడుకున్నారు. గోడ కింది భాగంలో తలకాయ పట్టేంత బెజ్జం. దానికి తడిపిన వట్టివేళ్ళ తడిక అడ్డం. అందులోంచి చల్లగాలి సుయ్యిమంటూ వస్తోంది.

"రా బాబూ, రా!" అని సూపరింటెండెంట్ గులాం మొహిద్దీన్ నులక మంచం మీంచి లేచాడు. "చల్ల మిషను బాగుచెయ్యడానికేనా? జాగర్త నాయనా. పోయిన నెల్లో అది చెడితే లోపల యంత్రం వేడెక్కి తనంతట తానే ఆగిపోయింది. మళ్ళీ చల్లబడిందాకా ఉలకలేదు, పలకలేదు."

"ఈ బెజ్జమేంది సార్?"

"బయట మన వీపులు మాడిపోతంటే లోపల ఆ ఇనప బీరువాలకి చల్లగాలా? అల్లాకే నచ్చదది. అందుకని గడ్డపారతో మేమే కొట్టాం. ఆ దొరలకి తెలవదులే. వాళ్ళెప్పుడూ వరండాలోకి తొంగిచూడరు."

"ఆ దొరల పాసులు చూశారా మీరు?"

గులాం మొహిద్దీన్ నొచ్చుకున్నాడు. "పెద్దోళ్ళు పంపిన మనుషుల్ని గుమ్మంలో నిలబెట్టి, నువ్వెవరు, ఏ ఊరు అని అడుగుతామా? మర్యాదేనా? కూర్చోబెట్టి బాదంపాలిచ్చి తాళాల గుత్తి చేతిలో పెట్టా. చానా సంతోషపడ్డాడు పాపం."

సంతోషపడక ఏం చేస్తాడు! బాబూరావుకి ఆ పెద్దమనిషిని కౌగిలించుకోవాలో, కొట్టాలో తెలియలేదు.

ఇనప తలుపు తెరుచుకుంది. ముందు సెంటు వాసన వచ్చింది. తర్వాత వరలక్ష్మి వచ్చింది. నైలాన్ చీర, నల్ల గాగుల్స్, చేతిలో సన్నపాటి జపాన్ గొడుగు. వరండాలో నిద్రపోతున్నవాళ్ళు కూడా కళ్ళు తెరిచారు.

"మెకానిక్ మీరేనా? వెనక్కి రండి, మిషను చూపిస్తాను."

భవనం వెనక గోడకి బిగించిన ఏసీ దగ్గర ఎవరూ లేరు. మెయిన్ స్విచ్చులన్నీ కంప్యూటర్ గదిలో ఉన్నాయి. దీని స్విచ్చొక్కటే బయట ఉంది. బాబూరావు మూత విప్పుతూ నెమ్మదిగా, "మీ వైపు ఎండలెట్లా ఉన్నాయి?" అన్నాడు.

"కుండలో నీళ్ళు కాగుతున్నాయి." ఆమె గాగుల్స్ తీసింది. కళ్ళు అందమైనవే. "వినండి. క్రేల్ రహస్యాలన్నీ టేపులకెక్కించాడు. రేపు మధ్యాహ్నం బండికి వెళ్ళిపోతున్నాడు. మీరు స్టేషన్లో ఉండండి. ప్లాట్‌ఫారం మీద నేను సైగ చేస్తాను."

"మధ్యాహ్నం ఇక్కడెవరుంటారు?"

"ఎవరూ ఉండరు. ఎండలని స్టాఫ్‌కి సెలవిప్పించాను." ఆమె నవ్వింది. "మీకు అనుమానాలు ఎక్కువే."

సాయంత్రం బస్సులో కారంపూడి వెళ్ళాడు. కాలువ అడుగున ఊరికి ఊరే ఉంది. బొల్లాపల్లి నుంచి, రొంపిచెర్ల నుంచి వచ్చిన కూలీ జనం, పొయ్యిలు, ఉయ్యాలలు, మేకలు, తాటాకుల ప్రార్థన పాక.

"ఒరేయ్ బాబూ! నువ్వేందిరా ఇక్కడ?" మార్తమ్మ తట్ట దించి పరుగెత్తుకొచ్చింది. సిమెంటు కొట్టుకుపోయిన చేతులతో తమ్ముడి మొహం తడిమింది. "ఎట్టా చిక్కిపోయావురా! ఆ హైద్రాబాదులో అన్నం పెట్టరా నీకు?"

"మాచర్లలో ఏసీ రిపేరుకొచ్చానక్కా. నువ్వు రేపొక్కరోజు పనిలోకి పోమాక. ఇంటికి పో."

"ఏందిరా, జొరమా నీకు? నేనింటికి పోతే కూలి నీ మావ ఇస్తాడా, సమాధిలోంచి లేచొచ్చి?"

"పోనీ మధ్యాహ్నం పూటైనా కాలవలో ఉండమాక."

"మధ్యాన్నం ఉండక యాడికి పోతాం? పైన చెట్టా, చేమా? కాలవ గోడ నీడనేగా పిల్లల్ని పడుకోబెట్టేది!" అని కసిరి, రాగి సంకటి ముద్ద, గోంగూర పచ్చడి పెట్టింది. బాబూరావు ముద్ద చేత్తోనే పట్టుకుని లెక్కేసుకున్నాడు. కాలువ తల దగ్గర, వేసవి తాగునీటికని నింపి ఉంచిన రిజర్వాయర్ నిండుగా ఉంది. ఏం జరగబోతోందో ఖాయంగా తెలియదు. భయం మాత్రం ఖాయంగా ఉంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం చెప్పిన వేళ దాటిపోయాక, భుజాన టూల్ బాక్సుతో స్టేషన్ దారిలో నడుస్తూ అతను ఠక్కున ఆగిపోయాడు.

ఏలియా బండెక్కుతున్నాడని చీఫ్‌కి తెలుసు. చీఫ్ చెప్పింది ఒక్కరికే. ఆ ఒక్కరే ఇవాళ తనని కూడా అదే ప్లాట్‌ఫారం మీద నిలబడమంది. జనం, ఎండ, మెడకి తగిలే సన్నపాటి గొడుగు మొన. తను పడిపోతే మళ్ళీ ఉల్లిపాయ, మళ్ళీ తడిగుడ్డ, మళ్ళీ వడదెబ్బ!

"ఛీ, ఎంత వెర్రిబాగులవాణ్ణి!" అని తనని తనే తిట్టుకుని, వెనక్కి తిరిగి పరుగు లంకించుకున్నాడు.

సెంటర్ వరండా ఖాళీ. గులాం మొహిద్దీన్ ఒక్కడే బెజ్జం దగ్గర గురకపెడుతున్నాడు. ఇంట్లో ఫ్యాను లేదు గనక సెలవిచ్చినా ఆయన కదల్లేదు. ఇనప తలుపు లోపల గడియ పెట్టి ఉంది. బాబూరావు నేలమీద పడుకుని బెజ్జానికి చెవి ఆనించాడు.

లోపల ఇంగ్లీషులో క్రేల్ గొంతు. "సిద్ధంగా ఉండమని మెసేజ్ వెళ్ళింది. ఇక గేట్లన్నీ ఒకేసారి. రాత్రికి వీళ్ళ రేడియోలోనే చెప్తారు, వీళ్ళ యంత్రమే వీళ్ళ జనాన్ని ముంచిందని. మళ్ళీ ఏ యంత్రాన్నీ నమ్మరు."

"మెకానిక్ స్టేషన్‌కి రాలేదు. చూసి చూసి వచ్చేశాను." అది వరలక్ష్మి గొంతు.

"ఇప్పుడు వచ్చి మాత్రం ఏం చేస్తాడు?"

బెజ్జంలోంచి రివాల్వర్ పెడదామంటే ఎదురుగా ఇనప బీరువా వీపు తప్ప ఏమీ కనపడదు. టెలిప్రింటర్ వైరు నేలలో గొట్టంలో ఉంది. బాబూరావు వరండాలోని ఫోన్ అందుకున్నాడు. కాలువ తల గేట్లుండే హెడ్ రెగ్యులేటర్ దగ్గర లస్కర్ నాగూర్ వలి పలికాడు.

"గేట్లెత్తొద్దు! అది దొంగ హుకుం! కాలవలో జనం ఉన్నారు!"

"ఎవరయ్యా నువ్వు?"

"సర్కారు మనిషిని!"

"అందరూ సర్కారు మనుషులేగా. నా ముందోడు ఇట్టాగే ఫోన్లో ఎవరి మాటో విని గేటు దించి ఉజ్జోగం పోగొట్టుకున్నాడు. నాకు మిషను మాట తప్ప మనిషి మాట లేదు. ఇదిగో, కోడ్ మొదలైంది. పదంకెలూ రావాల. పదో అంకె పడగానే మోటారు నొక్కుతా." ఫోన్లోనే టెలిప్రింటర్ టకటకమంది. "మొదటిది వచ్చింది."

యంత్రం ఒక్కో అంకె సరిచూసుకుంటూ పంపుతోంది. బాబూరావు రిసీవర్ని బల్ల మీద పడేసి, సూపరింటెండెంట్‌ని ఒక్క కుదుపు కుదిపాడు. "సార్! ఆ గడ్డపార ఎక్కడ?"

"ఏందయ్యా, కొంప మునిగిందా?"

"మునగబోతోంది! బెజ్జం పెద్దది చెయ్యండి!"

అతను భవనం వెనక్కి ఉరికాడు. ఏసీ స్విచ్ ఆపాడు. స్పానర్‌తో నాలుగు బోల్టులు పీకి, గాలి గొట్టాన్ని కాలితో తన్నాడు. గోడలో కిటికీ అంత ఖాళీ పడింది. పడమటి వడగాలి అందులోంచి లోపలికి దూసుకుపోయింది. అటువైపు గులాం మొహిద్దీన్ వట్టివేళ్ళ తడిక పీకి, "యా అల్లా!" అంటూ గడ్డపారతో ఇటుకలు రాల్చేస్తున్నాడు. ఎందుకో అడగలేదు. ఆ పెద్దమనిషి ఎవరినీ ఏమీ అడగడు. మొదటిసారి ఆ గుణం పనికొచ్చింది.

బాబూరావు వరండాలోకి పరుగెత్తుకొచ్చేసరికి బల్ల మీది రిసీవర్లోంచి నాగూర్ వలి గొంతు వినపడుతోంది. "ఆరోది వచ్చింది... ఏడోది..."

లోపల బూతులు. బెజ్జాలకి అడ్డంగా బీరువాలు ఈడుస్తున్న చప్పుడు. మాచర్ల ఎండంతా ఆ గదిలోకి ఎగబడింది.

"ఎనిమిది... తొమ్మిది..."

బాబూరావు కళ్ళు మూసుకున్నాడు. అక్క గోడ నీడన కొంగు పరుచుకుని పడుకుని ఉంటుంది. "ప్రభువా, ప్రభువా," అన్నాడు చిన్నప్పటిలా.

లోపల యంత్రం హోరు ఒక్కసారిగా తగ్గి, సన్నగిల్లి, ఆగిపోయింది.

అతను రిసీవర్ అందుకున్నాడు. "నాగూర్ వలీ! గేట్లెత్తావా?"

"యాడెత్తేది? తొమ్మిదే వచ్చినయ్. అంకె తక్కువైంది. తక్కువైతే నేను ముట్టుకోను. నువ్వు మళ్ళీ ఫోన్ చేసి బతిమాలినా ముట్టుకోను!"

"వద్దు మావా, ముట్టుకోవద్దు! నీకు దండం పెడతా!" అన్నాడు బాబూరావు. నవ్వాడో ఏడ్చాడో ఫోన్లో తెలియలేదు.

ఇనప తలుపు భళ్ళున తెరుచుకుంది. ఉడికిన మొహంతో క్రేల్ బయటపడ్డాడు. అతని వెనక వరలక్ష్మి. ఆమె గొడుగు మొన క్రేల్ మెడకి ఆనించి, "బాబూరావు గారూ, మంచి సమయానికి వచ్చారు! వీణ్ణి పట్టుకోండి!" అంది, చెమటతో కాటుక కారిపోతున్నా తొణక్కుండా.

బాబూరావు రివాల్వర్ గురి మార్చలేదు. "గొడుగు కింద పెట్టండి. ఇద్దరూ చేతులెత్తండి. ఎండలో అబద్ధాలాడితే వడదెబ్బ తగులుతుంది."

సాయంత్రం వైర్‌లెస్‌లో చీఫ్ నిట్టూర్పు వినిపించింది. "వరలక్ష్మి మూడు దేశాల దగ్గర జీతం తీసుకుంటోందట. అందరికంటే తక్కువిచ్చేది మనమేనట. ఆ తలుపు దగ్గర ఇకనుంచీ ఎవరొచ్చినా పాసు అడుగుతారు. నేనొచ్చినా సరే. ఆర్డర్ నేనే రాశాను."

ఆ మాట వేడి ఆరకముందే బాబూరావు కారంపూడి కాలువలోకి దిగాడు. పొయ్యిలు అలాగే మండుతున్నాయి. పిల్లలు అలాగే కొట్టుకుంటున్నారు. కడవతో ఎదురొస్తున్న అక్క కనపడింది. అతను అక్కడే ఇసకలో చతికిలబడ్డాడు.

"ఏరా! చల్ల మిషను పీకి పాడుచేశావంటగా! గవర్నమెంటోళ్ళ లచ్చల మిషను ఆగిపోయిందంటగా! బస్సులో వచ్చినోళ్ళందరూ అదే చెప్పుకుంటన్నారు. ఉజ్జోగం పోయిందా?" అని మార్తమ్మ నెత్తిన ఒక్కటి మొట్టింది.

"పోయిందక్కా," అన్నాడు బాబూరావు, ఆ దెబ్బ ఎంతో హాయిగా అనిపించి.

మార్తమ్మ మెత్తబడింది. కడవ దించి పక్కన కూర్చుంది. "పోతే పోయిందిలే, దిగులుపడమాక. మేస్త్రీతో మాట్లాడా. రేపట్నించి నాతోపాటు తట్ట మొయ్యి. నా తమ్ముడివన్నానుగా, ఎవరు, ఏంది అని ఒక్క ముక్క కూడా అడగలా."