ముహాచా చెట్టు వెనక ఊ కొట్టిందెవరు?

మస్వింగో ఊరికి పోయే దారిలో ఒక విడిది ఉంది. దాని పెరట్లో ఉన్న ముహాచా చెట్టు వెనక్కి చీకటి పడ్డాక ఎవరూ పోరు. ఎంబిరా అనే ఇనుప మీటల వాయిద్యం వాయించే జినగో తాత ఆ చెట్టు కిందే కన్నుమూశాడట. ఎంబిరాను ఆయనతోనే పాతిపెట్టారు. అయినా ఇప్పటికీ అక్కడ ఆ మీటలు మోగుతాయని చెప్పుకుంటారు.

ఆయన భార్య షుపికయి అవ్వకు దెయ్యమంటే భయం లేదు. మరుపంటేనే భయం. విడిదిలో అతిథులకు కథలు చెప్పేది ఆవిడే. మొన్నటి విందులో కథ మధ్యలో ఆగిపోయింది. ఈసారీ ఆగితే ఇక కథల టేపు పెట్టిస్తానని విడిది యజమానురాలు మొహం మీదే చెప్పేసింది.

ఆ రాత్రి నెగడు చుట్టూ అతిథులు చేరారు. మొక్కజొన్న పిండితో వండిన సడ్జా ముద్దను వేరుసెనగ ముద్ద కలిపిన ఆకుకూరలో అద్దుకుంటూ, వేయించిన పురుగులు నములుతూ కూర్చున్నారు. అవ్వ గొంతు సవరించుకుంది.

"అనగనగా ఓ కుందేలు..."

"జెఫుండే!" అని అందరూ ఊ కొట్టారు.

ఒక్క క్షణం ఆగి... చెట్టు వెనక నుంచి ఇంకో గొంతు —

"జెఫుండే..."

వంటవాడు తరువింగా చేతిలో గరిటె జారి నెగడులో పడింది. "అవ్వా... అక్కడ ఎవరూ లేరే!"

"నోర్ముయ్యి," అంది అవ్వ గొంతు తగ్గించి. "కథ పోతుంది."

పోనే పోయింది. కుందేలు బావి దగ్గరికొచ్చింది, బావిలోని తాబేలు పాట ఎత్తుకోవాలి... ఏం పాట? యజమానురాలు అప్పుడే టేపు వైపు చూస్తోంది.

టింగ్... టిణింగ్... టింగ్...

చెట్టు వెనక మీటలు మోగాయి. అదే పాట! అవ్వ గొంతు కలిపింది. అతిథులు చప్పట్లు కొట్టారు. ఆ వాయించేవాడిని ఎక్కడ దాచారని ఒకాయన అడిగాడు. యజమానురాలు టేపు లోపల పెట్టేసింది.

పడుకోబోయేముందు అవ్వ ఓ పళ్లెం నిండా సడ్జా, కూర పెట్టి చెట్టు మొదట్లో ఉంచి వచ్చింది.

తెల్లవారకముందే తరువింగాను వెంటబెట్టుకుని వెళ్లి చూసింది. పళ్లెం ఖాళీ. ఖాళీ అవడమే కాదు... శుభ్రంగా కడిగి, బోర్లించి ఉంది.

అవ్వ మొహం చిన్నబోయింది. "అయితే మా ఆయన కాదురా."

"ఎట్లా చెప్తావవ్వా?"

"బతికున్నన్నాళ్లూ ఒక్క పళ్లెం కడిగిన పాపాన పోలేదు ఆ ముసలాడు!"

టణ్!

చెట్టు వెనక ఒక్క మీట మోగింది. ఉక్రోషంగా...

తరువింగా వెనక్కి చూడకుండా పరుగు లంకించుకున్నాడు. అవ్వ మాత్రం పళ్లెం చంకన పెట్టుకుని, చెట్టు దగ్గరికి జరిగి, రహస్యంగా అంది —

"చచ్చాకైనా నేర్చుకున్నావు, సంతోషం. రేపు కూడా రా... ఆ పాట మళ్లీ మర్చిపోయాను."