సోలెడు ఉప్పు

"సోలెడు కారం ఎన్ని గ్రాములుంటుంది?" అని నేను అడిగినందుకు షాహిస్తా నవ్విన నవ్వు పర్చూరు బస్టాండు దాకా వినపడి ఉంటుంది.

"పెళ్లిచూపుల్లో పిల్ల బరువు అడిగినట్టు ఇదేం ప్రశ్న ఖలీల్ గారూ? సోలంటే సోలేనండి!"

నాకు మండింది. మా నాన్న గౌస్ బాషా పచ్చళ్ల వ్యాపారాన్ని ఆన్‌లైన్‌లో పెట్టింది నేను. రెండొందల కిలోల ఆర్డరుకు ఇత్తడి సోలతో కొలుస్తూ కూర్చుంటే ఎలా? మా దగ్గర ఆవకాయ కలిపేది షాహిస్తా. ఆమె కొలతలను గ్రాముల్లోకి మార్చి షీటు తయారుచేయాలని నా పట్టుదల.

సోలలో కారం పోసి వేళ్లతో అదిమాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అలా కూరితే బరువు పెరగదా? వదులుగా పొయ్యాలండి."

చెయ్యి వెంటనే వదిలేసింది. నాకు మాత్రం ఆ పూటంతా కాటా మీద అంకెలు సరిగా కనపడలేదు.

కారం నూట తొంభై. ఆవపిండి రెండొందల పది. రోజుకో దినుసు చాలన్నాను. అంతా కలిపి గంట పనేనని ఇద్దరికీ తెలుసు. ఆమె కూడా సరేనంది.

ఉప్పు తూచాల్సిన రోజున ఆమె రాలేదు. నేను ఆగలేక ఫోన్‌లో వెతికి, దొరికిన లెక్క షీటులో ఎక్కించాను. అది మెత్తటి ఉప్పు లెక్క. షాహిస్తా కళ్లుప్పును ముందు కొలిచి, తర్వాత దంచుతుంది. సోలెడు కళ్లుప్పు కంటే సోలెడు మెత్తటి ఉప్పు చాలా బరువు. మర్నాడు నేను ఆ లెక్కన తూచి ఇచ్చిందే ఆమె కలిపింది. మూడో రోజు రుచి చూద్దామని ఆమె అంటున్నా వినకుండా అప్పుడే ప్యాక్ చేయించాను.

ఎవరూ నోట పెట్టలేకపోయారు. సరుకంతా తిరిగొచ్చింది.

నాన్న అందరి ముందూ ఆమె మీద విరుచుకుపడ్డాడు. "ఇన్నేళ్ల నుంచి కలుపుతున్నావు, ఉప్పెంతో తెలియదా అమ్మా?"

షాహిస్తా నా వైపు చూసింది. నా నోటి నుంచి ఒక్క మాట చాలు. నాన్న దగ్గర చులకనైపోతానని ఆ మాట మింగేశాను. అంత మగాణ్ణి నేను. మర్నాటి నుంచి ఆమె పనికి రాలేదు.

ఇరవై రోజులు తిండి సయించలేదు. చివరికి నాన్నకు నిజం చెప్పేశాను. ఆమెనే చేసుకుంటానని కూడా చెప్పాను. ఆయన చాలాసేపు తిట్టి, "ముందు ఆ పిల్ల కాళ్లు పట్టుకో. తర్వాత నేనొచ్చి పెళ్లి మాట్లాడతాను" అన్నాడు.

వాళ్లింటికి చేరేసరికి వాన పట్టుకుంది. చూరు కింద నిలబడి షాహిస్తాకు అంతా చెప్పాను. ప్రేమిస్తున్నానని కూడా చెప్పాను.

"తప్పు మీదని నాకు ఆ రోజే తెలుసండి" అంది.

"మరి ఎందుకు చెప్పలేదు?"

"మీరు చెబుతారని."

"నాన్నకు చెప్పేశాను షాహిస్తా. ఆయనే పంపారు."

"ఎప్పుడు చెప్పారు?"

"నిన్న."



"మొన్న ఆదివారం మా అమ్మ చీరాల సంబంధం వాళ్లకు మాటిచ్చేసింది. అప్పటిదాకా ఏదో ఒక వంక చెప్పి ఆపాను. తలుపు చప్పుడైనప్పుడల్లా మీరేననుకున్నాను."

లోపలికెళ్లి గొడుగు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"తిరిగి ఇవ్వక్కర్లేదండి" అని తలుపేసుకుంది.