సగం ధర టీకా

"సగం ఖర్చుకే జవాన్లకు వైద్యం చేస్తామంది ఆ కంపెనీ. మిగతా సగం ఎవరు భరిస్తున్నారో కనుక్కో."

ఏజెంట్ రూఫస్‌కు నిఘా విభాగం చీఫ్ సుశీల్ కుమార్ ఇచ్చిన బ్రీఫింగ్ అలా మొదలైంది. ఖర్చు తగ్గుతుందని అల్లూరు తీరంలోని కమాండోల వైద్యాన్ని ఒక ప్రైవేట్ కంపెనీకి కాంట్రాక్టు ఇచ్చారు. దాని వెనక విదేశీ ముఠా ఉంది. ఫ్లూ టీకాలో విషం కలిపి కమాండోలను పడగొట్టి, ఆ సాయంత్రమే పడవలో ఆయుధాలు దించాలన్నది వాళ్ల ప్లాన్.

ఈ సంగతి మనకు చేరవేసింది కంపెనీ మేనేజర్ క్యాథరిన్. కళ్లు తిప్పుకోనివ్వని అందగత్తె. రెండు వైపులా పనిచేసే డబుల్ ఏజెంట్. టీకా క్యాంపుకు వచ్చే రెండు పెట్టెల్లో ఒకదానిలోనే విషం ఉంటుందనీ, మంచిదేదో కోడ్‌వర్డ్‌తో చెబుతాననీ మాటిచ్చింది. 'గాలి' అంటే ఆకుపచ్చ పెట్టె, 'ఎండ' అంటే నీలం పెట్టె. క్యాంపు ఆపేస్తే పడవ రాదు. అందుకే మంచి టీకాలే వేయించి, జవాన్లు పడిపోయినట్టు నటించాలని చీఫ్ నిర్ణయించాడు.

రూఫస్ జవాను వేషంలో వరస మొదట నిలబడ్డాడు. యూనిఫాం గుండీలో కెమెరా, చెవిలో ఇయర్‌పీస్. క్యాథరిన్ నవ్వుతూ దగ్గరికొచ్చింది.

"ఈరోజు గాలి బాగుంది కదా."

నర్సు ఆకుపచ్చ పెట్టె తెరిచింది. రూఫస్ మనసు ఒప్పుకోలేదు. పొద్దున కంపెనీ డ్రైవర్ ప్రసాద్ తనకూ ఒక టీకా వేయమని ఆ పెట్టె దగ్గరికే వెళ్తే, క్యాథరిన్ ఉలిక్కిపడి అతన్ని కసిరి పంపడం రూఫస్ చూశాడు. వెనక నిలబడ్డ కుర్రాళ్లందరితో వారంగా ఒకే మెస్సులో తింటున్నాడు. నర్సు సూది ఎత్తింది. రూఫస్ చొక్కా చెయ్యి పైకి మడుస్తూ క్యాథరిన్ వైపు తిరిగాడు.

"మేడమ్, మాకు భయంగా ఉంది. ముందు మీరు వేయించుకోండి."

జవాన్లు నవ్వారు. క్యాథరిన్ కూడా నవ్వి చెయ్యి చాపింది. సూది మొన చర్మాన్ని తాకబోతుండగా ఆమే నర్సు మణికట్టును గట్టిగా పట్టేసుకుంది.

"వద్దు," అంది మెల్లగా.

"చీఫ్, విషం ఆకుపచ్చలో ఉంది," అన్నాడు రూఫస్.

క్యాథరిన్‌నూ, ఆమె ఫోన్‌నూ అక్కడికక్కడే స్వాధీనం చేసుకున్నారు. పని పూర్తయిందని అదే ఫోన్‌లోంచి ముఠాకు మెసేజ్ వెళ్లింది. సాయంత్రం ఇసుకలో పడున్న కమాండోలను చూసి ధైర్యంగా పడవ దిగిన ముఠా, వాళ్లు లేచేసరికి చేతులెత్తేసింది.

బేడీలు వేస్తుండగా జవాను వెంకయ్య రూఫస్ చెవిలో గొణిగాడు:

"అన్నా, నాకు పొద్దున్నించి నిజంగానే జరంగా ఉంది. ఆ నీలం పెట్టె తెరుస్తారా, లేదా?"